కాటా ఎక్కని పిల్ల

నంద్యాల ఆసుపత్రిలో నా ఉద్యోగం ఏమిటో మా ఆళ్లగడ్డ చుట్టాలకు ఇప్పటికీ అంతుబట్టదు. ఎక్స్‌రేలు తీస్తుందని ఒకరు, మిషన్లు బాగుచేస్తుందని ఒకరు. మా అమ్మ మాత్రం "దాని పని అంచనాలెయ్యడం లే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. వెటకారంగానే అంటుంది, కానీ అందరికంటే సరిగ్గా చెప్పేది ఆమే. స్కానింగ్ చేయించుకున్న మనిషి ఒంట్లో ఎంత రేడియేషన్ పడిందో లెక్కగట్టడం నా పని. మనిషి లోపలికి దూరి కొలిచేవాళ్లెవరూ లేరు. బయట కొలిచి, లోపల ఇంత పడి ఉంటుందని అంచనా వేయాలి. పెద్దవాళ్ల విషయంలో అది కాస్త అటూ ఇటూ అయినా నాకు అన్నం సయిస్తుంది. పిల్లల విషయంలో సయించదు. వాళ్ల ఒళ్లు లేతది, పడినదాన్ని మోస్తూ బతకాల్సిన ఏళ్లు ఎక్కువ.

రెండేళ్ల కిందట, ఎండలు ముదరకముందు, మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడూ అమ్మా కలిసి ఆళ్లగడ్డలో మా అంగడి నడుపుతారు. బియ్యం, పప్పులు, బెల్లం అమ్ముతారు. వాడికి ఒక్కతే కూతురు, అప్పటికి మూడున్నరేళ్లు. పుట్టుకతోనే గుండెలో లోపం. లోపలి గోడకు రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకు. గట్టిగా ఏడ్చిందంటే పెదాలు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి. ఆ ఏడుపు ఆపలేకపోతే ఏమవుతుందో డాక్టర్లు మాకు దాచకుండా చెప్పారు. అందుకని ఆ ఇంట్లో పిల్ల ఏది అడిగితే అది, ఎప్పుడడిగితే అప్పుడు.

"అక్కా, ఆపరేషన్‌కు ముందు గుండెకు సీటీ స్కాన్ కావల్లంట" అన్నాడు. "ఎకో పరీక్షలో ఊపిరితిత్తులకు పోయే నరాలు సరిగా కనపడల్యాదంట. అవి చూడకుండా కత్తి పట్టనంటాండాడు హైదరాబాద్ డాక్టరు. మీ ఆసుపత్రిలోనే తీసి పంపచ్చంట. కానీ అమ్మ వద్దంటాంది."

"ఎందుకంట?"

"ఎందుకేంది? అంతా నీవల్లనే."

అది నిజమే. జ్వరానికీ బొప్పికీ కూడా పిల్లల్ని స్కానింగుకు ఎత్తుకొచ్చేవాళ్లను చూసి చూసి నాకు ఒళ్లు మండేది. ఊరికెళ్లినప్పుడల్లా అంగడి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ "ఊరకూరకే పిల్లలకు స్కాన్లు తీయించొద్దండి, మంచిది కాదు" అని ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అమ్మ తన లోకంలో తానుందనుకున్నాను. ఒక్క మాట పోకుండా వింది.

ఆదివారం బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా అమ్మకు ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. ఆళ్లగడ్డలో దిగి, శిల్పాలు చెక్కే షెడ్ల ముందు తెల్లటి రాతిపొడిలో నడిచి అంగడి చేరేసరికి కూర్చుకున్నదంతా ఎగిరిపోయింది. అమ్మ ముందు నాకు ఎప్పుడూ అంతే.

నేను వెళ్లేసరికి అమ్మ ఒక పప్పు సంచిని రెండు చేతులతో నేల మీద నుంచి లేపి చూస్తోంది. "ఇరవై తొమ్మిది. కిలో తక్కువేసినాడు. వాపసు పంపు" అంది తమ్ముడితో. వాడు మాటవరసకు కాటా మీద పెట్టాడు. ఇరవై తొమ్మిదే. మా అమ్మ చేతులు అలాంటివి. పెళ్లై ఆ అంగట్లోకి వచ్చినప్పటి నుంచి ఏది ఎత్తినా దాని బరువు ఆమెకు అడక్కుండానే తెలిసిపోతుంది. ఎవరింటి నుంచైనా అరిసెల డబ్బా వస్తే, అందుకోగానే తెచ్చినవాళ్ల ముందే "ముప్పావు కిలో" అనేస్తుంది. మేం సిగ్గుతో చచ్చేవాళ్లం.

"స్కాన్ వద్దంటాండావంట?" అన్నాను చెప్పులు విప్పకుండానే.

"అనక? పిల్లల ఒంట్లోకి పోతే మంచిది కాదని ఇదే అరుగు మీద కూచ్చోని చెప్పిందెవురు? ఊర్లో పిల్లలకు చెడ్డదయింది మన పిల్లకు మంచిదయితాదా?"

"అనవసరంగా వద్దంటిని. ఇది అవసరం. ఇది లేకుంటే ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకుంటే..."

పిల్ల గడప మీద కూర్చుని మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. అమ్మ కూడా అటు చూసి గొంతు తగ్గించింది.

"సరే. ఎంత పడతాది?"

"తీసినాక లెక్కగట్టి చెప్తా."

"తీసినాక చెప్పేదానికి నువ్వేంటికి మే? ముందే తెలియల్ల. ఎంత పడతాది?"

"అంచనాగా చెప్పగలను."

"అంచనా అంటే కాటా లేదన్న మాట. బిడ్డ ఒంట్లోకి పోయేదాన్ని తూచేదానికి మీ దగ్గర కాటా లేదు. మీ సదువులకో దండం."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నువ్వు సంచి ఎత్తి చెప్పేదేంది మరి? అది అంచనా కాదా?" అన్నాను.

"నాది తప్పదు" అంది.

అరుగు మీద చతికిలబడి, కోపం దిగమింగుకుని, నిదానంగా చెప్పడం మొదలుపెట్టాను. స్కాన్ మిషన్ తెర మీద ఒక అంకె చూపిస్తుంది. అందరూ అది రోగి ఒంట్లో పడిన రేడియేషన్ అనుకుంటారు. కానే కాదు. గుండ్రటి ప్లాస్టిక్ దిమ్మ ఒకటి పెట్టి కొలిచి, ఈ సెట్టింగులో ఆ దిమ్మలో ఇంత పడుతుందని చెప్పే అంకె అది. ఆ దిమ్మ పెద్దవాళ్ల నడుమంత లావుంటుంది. అదే సెట్టింగులో దిమ్మకు బదులు సన్నటి పిల్లను పడుకోబెడితే, అడ్డుకునే కండ ఉండదు కాబట్టి కిరణాలు నడిమధ్యదాకా దూరిపోతాయి. తెర మీద అంకె మారదు, పిల్లకు పడేది మాత్రం ఎక్కువ. గుండెకు తీసేటప్పుడు ఊపిరితిత్తులూ, ఆడపిల్లయితే ఇంకా ఎదగని రొమ్మూ ఆ దారిలోనే ఉంటాయి. అందుకే పిల్ల ఎంత ఉందో ముందు తెలియాలి. దాన్నిబట్టి కిరణాలు పుట్టే గొట్టంలో ఓల్టేజి తగ్గించాలి, కరెంటు తగ్గించాలి, దాన్నిబట్టే నేను లెక్క వేయాలి.

"ఇప్పుడు పాప బరువెంత?" అని అడిగాను.

తమ్ముడు నేల చూపులు చూశాడు. అమ్మ వెంటనే, "పద్నాలుగు" అంది.

నేను నమ్మేశాను. ఆమె నోటి నుంచి వచ్చిన బరువును ఆ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అనుమానించి ఉంటే కదా. మూడున్నరేళ్ల పిల్లకు తగిన బరువే. జబ్బు ఉన్నా బాగానే తింటోందని సంతోషించాను కూడా.

పిల్ల గడప దిగి వచ్చి అమ్మ చీర పట్టుకుంది. "జేజీ, ఎత్తుకో" అంది. మా వైపు నాయనమ్మను జేజి అంటారు. అమ్మ వంగలేదు. వెనక్కి ఒక అడుగు వేసి, డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి పిల్ల చేతిలో పెట్టి, "జేజికి నడుం నొప్పి బంగారూ" అంది. పిల్ల బెల్లం చప్పరిస్తూ పోయింది. అలవాటైనట్టుంది, మారాం చేయలేదు.

అన్నం తినేటప్పుడు మరదలు మనసులో మాట కక్కేసింది. "ఏడాదైంది వదినా, అత్త బిడ్డను ఎత్తుకోని. బియ్యం మూటలు జరుపుతాది, నడుం నొప్పి లేదు. నా బిడ్డను ఎత్తుకోవల్లంటేనే నొప్పి. జబ్బు పిల్లనా, ఆడపిల్లనా? ఏంటికో మీరే అడగండి." కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆ పూట అడగలేదు. స్కాన్‌కు ఒప్పించడమే గగనమైతే, ఇంకో గొడవ ఎందుకని ఊరుకున్నాను.

బయల్దేరేముందు పద్నాలుగు కిలోల పిల్లకు ఉండే ఛాతీని పట్టుకుని లెక్కవేసి, అమ్మకు ఒక అంకె చెప్పాను. ఊరికే నేల నుంచీ ఆకాశం నుంచీ మన మీద పడే దానితో పోల్చి, అది ఎంతో అర్థమయ్యేట్టు చెప్పాను. "దీనికంటే ఎక్కువ పడనియ్యను" అన్నాను.

"ఎక్కువ పడితే నువ్వే జవాబు చెప్పల్ల" అంది. ఒప్పుకున్నట్టే.

స్కాన్ రోజు పొద్దున్నే కారులో వచ్చారు నలుగురూ. మత్తు ఇవ్వాలి కాబట్టి పిల్లకు ఏమీ పెట్టలేదు. ఆ ఎండకు పిల్లకు మందపాటి గౌను, దాని మీద స్వెటరు. "ఏందమ్మా ఇది, ఉడకబెడతాండావా పిల్లను?" అంటే, ఏసీ గదిలో చలి పెడుతుందని అమ్మ జవాబు. నర్సు పిల్లను బుజ్జగించి స్వెటరు విప్పింది, గౌను విప్పింది, ఆసుపత్రి చొక్కా తొడగబోయింది.

మెడ కింద ఎముకలు రెండూ బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పక్కటెముకలు దూరం నుంచి లెక్కపెట్టుకోవచ్చు. ఏడాదిగా నేను ఎప్పుడు చూసినా ఆ పిల్ల నిండుగా బట్టలేసుకునే ఉంది. ఛాతీ వెడల్పు కొలవడానికి మా దగ్గర చెక్కతో చేసిన కొలబద్ద ఒకటుంటుంది, రెండు పక్కల నుంచి జరిపి చదువుకోవచ్చు. ఆడుకుందామని చెప్పి పిల్లకు పెట్టి చూశాను. మళ్లీ పెట్టి చూశాను. నేను వేసుకొచ్చిన లెక్కలో ఉన్న పిల్ల వేరు, నా ముందున్న పిల్ల వేరు.

"ఈ పిల్లను తూచారా?" అని నర్సును అడిగాను.

"కాటా దగ్గరికి తీసుకుపోతే జేజి అడ్డం వచ్చింది మేడమ్. పిల్ల భయపడి ఏడుస్తే నీలమైపోతుందంట. ఇంట్లో తూచుకొచ్చినాం, పద్నాలుగు అని చెప్పినారు."

అప్పుడే మత్తు డాక్టరు వచ్చాడు. పిల్లను ఒక్క చూపు చూశాడు, పద్నాలుగన్న మాట విన్నాడు. "తూకం లేకుండా నేను సూది పట్టుకోను మేడమ్. మత్తుమందయినా, రక్తంలోకి ఎక్కించే రంగుమందయినా కిలోల లెక్క. కుదరదంటే ఇంకో రోజు పెట్టుకుందాం" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ నెలలో పిల్ల మూడుసార్లు నల్లబడింది. ఈ బొమ్మలు అందితేనే హైదరాబాద్ డాక్టరు ఆపరేషన్‌కు రోజు ఖాయం చేస్తాడు. మాకు ఇంకో రోజు లేదు.

బరువు చూసే మిషన్ గది మూలలో ఉంది. అమ్మ దాని ముందు నిలబడి ఉంది.

ఆ తర్వాత జరిగినంత వింత కొట్లాట నేను జీవితంలో పడలేదు. పిల్ల మంచం మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. ఎవరి ముఖం మారినా బెదురుతుంది, బెదిరితే ఏడుస్తుంది. అందుకని అందరం నవ్వు ముఖాలతో, గుసగుసగా కొట్లాడుకున్నాం.

"జరగమ్మా" అన్నాను పళ్లన్నీ బయటపెట్టి.

"జరగను" అంది అమ్మ, పిల్ల వైపు చూసి తలాడిస్తూ.

"పద్నాలుగని ఎవరు చెప్పినారు నీకు?"

"ఆ వయసుకు పద్నాలుగు ఉండల్ల గదా. అదే చెప్పినా."

"ఉండల్ల అని చెప్పినావా? తూచలేదా?"

"తూచకూడదు" అంది. "పోయినేడు బిడ్డ కళ్లు తేలేసినప్పుడు అహోబిలం సామికి మొక్కుకున్నా. గుండె బాగయితే బిడ్డెత్తు బెల్లం తూచి ఇస్తానని. తులాభారం మొక్కిన బిడ్డను అంతవరకు కాటా ఎక్కియ్యకూడదు. మా అత్త చెప్పింది. ముందు మనం తూచి చూసుకుంటే, సామికి ఇచ్చేదానికి లెక్క చూసుకున్నట్లు. మొక్కు చెడతాది."

తమ్ముడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వాడికి అంతా తెలుసు, దద్దమ్మ.

"వాళ్లమ్మ ఎత్తుకుని నిలబడతాది. తర్వాత ఆమె ఒక్కతే నిలబడతాది. తీసేస్తే సరిపోతాది. పాపను తూచినట్లు కాదు" అని మధ్యేమార్గం చెప్పాను.

"ఎవుర్ని మోసం చేస్తావు? ఎత్తుకుని తూచినా తూచినట్లే. చేత్తో ఎత్తినా..."

ఆగిపోయింది. చీర కొంగులో చేతులు దాచుకుంది. అప్పుడు నాకు వెలిగింది. పక్కనే ఉన్న మరదలికి కూడా వెలిగినట్టుంది, నవ్వు ముఖం మరిచిపోయి అత్త వైపు చూసింది.

"ఏడాదిగా పాపను ఎత్తుకోనిది అందుకా?"

అమ్మ తల దించుకుంది. "నేనేం చేయల్ల మే? నా చేతులు ఊరుకోవు. ఎత్తుకుంటే తెలిసిపోతాది. వద్దనుకున్నా తెలిసిపోతాది."

నాకు అమ్మ మీద జాలి, కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి. కోపాన్నే నమ్ముకున్నాను. "విను. నువ్వు చెప్పిన పద్నాలుగుకే మత్తు ఇచ్చింటే పిల్ల లేస్తాదో లేదో నాకు తెలీదు. నువ్వు చెప్పిన పద్నాలుగుకే మిషన్ పెట్టింటే, నేను నీకు చెప్పిన దానికంటే ఎక్కువ పడేది. ఎంత పడతాదో ముందే చెప్పమంటివే? ఎట్ల చెప్పల్ల నేను? నువ్వే దొంగ తూకం ఇస్తివి నాకు."

దొంగ తూకం అన్న మాట అంగడి నడిపే మనిషితో అనకూడదు. అనేశాను. అమ్మ ముఖం పాలిపోయింది. జీవితంలో ఎవరూ ఆమెను ఆ మాట అనలేదు.

మా గుసగుసలకు పిల్ల మోసపోలేదు. ఆకలి, కొత్త గది, ఒంటి మీద పరాయి చొక్కా. కింది పెదవి వణికింది. ఏడుపు అందుకుంది. మరదలు ఎత్తుకోబోతే తోసేసింది. రెండు చేతులూ చాచింది అమ్మ వైపు.

"జేజీ... ఎత్తుకో... జేజీ..."

పెదాల చుట్టూ నీలం దిగడం నా కళ్లతో చూశాను. మత్తు డాక్టరు ఆక్సిజన్ గొట్టం వైపు కదిలాడు. అమ్మ మిషన్ దగ్గర నుంచి కదిలింది. పోయి పిల్లను ఎత్తుకుంది.

డాక్టర్లు నేర్పినట్టే పిల్ల మోకాళ్లు రెండూ మడిచి ఛాతీకి ఆనించి, గుండెకు అదుముకుని, చెవిలో ఏదో చెబుతూ అటూ ఇటూ ఊగింది. పిల్ల వెక్కింది. ఇంకోసారి వెక్కింది. అమ్మ మెడలో ముఖం దూర్చింది. కాసేపటికి పెదాల రంగు కొంచెం కొంచెంగా తిరిగింది. డాక్టరు పిల్ల వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్పు చూసి, పరవాలేదన్నట్టు తలూపాడు.

అమ్మ కళ్లు మూసుకుని ఉంది. నీళ్లు కారుతున్నాయి. "పదీ... పదీ రెండొందలు" అంది. అంత బరువైన మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. "ఏం లేదు మే పిల్లలో. ఏం లేదు."

తర్వాత తనే నడుచుకుంటూ మూలకు పోయింది. "ఇంగేముంది. తూచేసినా గదా. పెట్టుకోండి" అని పిల్లను మిషన్ మీద కూర్చోబెట్టి, చెయ్యి మాత్రం పిల్ల ముఖం దగ్గరే ఉంచింది, తగలకుండా. పది కిలోల రెండువందల గ్రాములు. నర్సు పాత అంకె కొట్టేసి కొత్తది రాసింది.

నేను లెక్క మొదటినుంచి మళ్లీ వేశాను. వేసిందే ఇంకోసారి వేశాను. మత్తు డాక్టరు తన మందు తను తగ్గించుకున్నాడు. రంగుమందు తగ్గింది. టెక్నీషియన్, నేనూ కలిసి ఓల్టేజిని మా మిషన్‌లో ఉన్నంత కిందికి దించాం. మెడ దగ్గర థైరాయిడ్ గ్రంథి కిరణాల దారిలోకి రాకుండా ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో గీత గీసి చూసుకున్నాం. ఒకటే భయం. బాగా తగ్గిస్తే బొమ్మ మసకబారుతుంది. మసకబారితే మళ్లీ తీయాలి. మళ్లీ తీస్తే పిల్లకు పడేది రెండింతలు, నేను అమ్మకు చెప్పిన మాట గాలికి. పిల్ల గుండె పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది. ఆ వేగంలో అది ఒక్కసారి కొట్టుకునేలోపు బొమ్మ పట్టుకోవాలి.

అద్దం ఇవతల నిలబడి, ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి దేవుడికి దండం పెట్టుకున్నాను. అదీ మా అమ్మ మొక్కుకున్న అహోబిలం సామికే. బల్ల లోపలికి పోయింది. మిషన్ ఒక్కసారి గిర్రుమంది. అంతే.

తెర మీద బొమ్మ వచ్చింది. కొంచెం గరుకుగా ఉంది, కానీ ఊపిరితిత్తులకు పోయే రెండు నాళాలూ, ఎడమది మొదట్లో నొక్కుకుపోయి ఉండటం కూడా, ఎవరికైనా కనపడేంత స్పష్టంగా ఉన్నాయి. రేడియాలజీ డాక్టరు "చాలు, మళ్లీ అక్కర్లేదు" అన్నాడు. నేను బాత్రూములోకి పోయి తలుపేసుకుని బోరున ఏడ్చాను.

సాయంత్రం పిల్ల లేచి ఇడ్లీ తింటుంటే అమ్మ వసారాలో ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. తెర మీది దిమ్మ అంకెను పిల్ల ఛాతీకి సరిచేసి చూస్తే, నేను ఆళ్లగడ్డలో చెప్పినదానికంటే తక్కువే పడింది.

"తక్కువే పడిందమ్మా" అన్నాను.

"అయితే నీ అంచనా తప్పింది."

"నువ్విచ్చిన తూకం తప్పు."

"ఊఁ" అంది. గొడవపెట్టుకోలేదు. అది చూసే నాకు భయమేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. "మొక్కు చెడగొట్టినా. బిడ్డకేమన్నా అయితే ఈ చేతులవల్లనే" అంది. కాదని చెప్పడానికి నాకు చాలా మాటలు తెలుసు, నా చదువంతా అవే. ఒక్కటీ పనికిరాదనిపించింది. ఆమె చేతుల మీద నా చెయ్యి వేసి కూర్చున్నాను.

ఆపరేషన్ రోజు తమ్ముడూ మరదలూ హైదరాబాదులో ఉన్నారు. అమ్మ పోలేదు. "నేను పక్కనుండకపోతేనే మంచిది" అంది. నేను సెలవు పెట్టి ఆళ్లగడ్డలో ఆమె దగ్గరే ఉన్నాను. అంగడి తీసింది కానీ ఆ రోజు ఏ వస్తువూ ముట్టుకోలేదు. అడిగిన వాళ్లకు "కాటా మీద ఏసుకో అప్పా" అని చూపించింది. పప్పు, బెల్లం నేనే కట్టిచ్చాను. ప్రతి పొట్లం వంకరే. ఎవరూ ఏమీ అనలేదు. బజారులో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం దాటినాక ఫోన్ మోగింది. అమ్మ తీయలేదు. నేను తీశాను. తమ్ముడు ఏడుస్తున్నాడు. ఏడుపులోంచే "అయిపోయిందక్కా, బాగయిందంట, పెదాలు ఎర్రగుండాయంట" అని మాట బయటికొచ్చింది. నేను చెబుతుంటే అమ్మ గల్లాపెట్టె మీద తల ఆనించింది. చాలాసేపు ఎత్తలేదు.

తర్వాత ఆరు నెలలకు అనుకుంటా, మొక్కు తీర్చుకోవడానికి రోజు పెట్టుకున్నారు. నేనూ వెళ్లాను. అమ్మ ఆ మధ్యలో పిల్లను మళ్లీ ఎత్తుకోలేదట. "చెడిన మొక్కు ఎట్లయినా చెల్లించుకోనీ, అప్పుడు చూస్తాం" అందట. పిల్ల మాత్రం గుర్తుపట్టలేనట్టు తయారైంది. అరుగు మీద నుంచి దూకుతోంది, గోనెసంచులెక్కి తొక్కుతోంది. అరిస్తే అంగడి అదిరిపోతోంది. ఆ అరుపు వినడానికి మాకు చెవులు చాలడం లేదు.

అహోబిలానికి బండి మాట్లాడి, తమ్ముడు బెల్లం అచ్చుల ముందు నిలబడ్డాడు. "ఎన్ని కిలోలు ఏసుకోవల్లమ్మా?" అన్నాడు. కాటా పక్కనే ఉంది. దాని మాట వాడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి అమ్మ కాళ్లకు చుట్టుకుంది. "జేజీ, ఎత్తుకో."

అమ్మ మా అందరి వైపు ఒకసారి చూసింది. వంగి ఎత్తుకుంది. పిల్ల మెడ చుట్టూ చేతులు వేసి, జేజి చెంపకు చెంప ఆనించి, కాళ్లు ఊపుకుంటూ ఏదో పాట పాడుతోంది. అమ్మ కదల్లేదు. మేం ముగ్గురం ఆమె నోటివైపే చూస్తూ నిలబడ్డాం. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంతమ్మా?" అన్నాడు తమ్ముడు.

"తెలీదు పోరా" అంది అమ్మ. "అంగట్లో ఉండే బెల్లమంతా బండికెత్తు."